బాయికాడి కొట్టాన్ని ఎండాకాలంలో ఫోటో తీయడం ఎలా

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీద మాల్ అనే ఊరు దాటి మల్లేపల్లి వైపు పోతుంటే చేలల్లో, బాయిల (బావుల) పక్కన, పసులను కట్టేసే పాత కొట్టాలు ఇంకా కొన్ని కనిపిస్తాయి. మట్టిగోడలు, గూనపెంకులు, పక్కన ఒక వేపచెట్టు, వెనక బండల గుట్ట. చూడగానే బండి ఆపబుద్ధవుతుంది. ఆపి, ఫోను తీసి, రెండు ఫోటోలు కొట్టి చూసుకుంటే ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది, వాకిలి నల్లటి బొక్కలా ఉంటుంది, కొట్టమేమో ఎవరో పొలంలో పడేసిపోయిన అట్టపెట్టెలా ఉంటుంది. నా దగ్గర అలాంటివి నాలుగు వందల దాకా ఉన్నాయి. అన్నీ పొద్దున పదకొండుకూ మధ్యాహ్నం మూడుకూ మధ్య, రోడ్డు మీద నిలబడి తీసినవే.

చాలా ఫోటోలు పాడుచేసుకున్నాక ఒక సంగతి అర్థమైంది. ఎండాకాలంలో కొట్టాన్ని రైతు చూసేది నీడ లెక్కన. పసులను కట్టేసేది నీడ ఎటు పడుతుందో చూసే. కుడితి గోలెం జరిపేది, మంచం వాల్చేది, సద్దిగిన్నె పెట్టేది కూడా అంతే. మీరూ నీడ వెంటే పోండి. ఎన్నింటికి వెళ్ళాలి, ఎక్కడ నిలబడాలి, ఫ్రేములో ఏది ఉంచాలి అన్న మూడింటికీ జవాబు అక్కడే దొరుకుతుంది.

ముందురోజు వెళ్ళి దిక్కులు చూసుకోండి

మొదటిసారి కెమెరా బయటికి తీయకండి. కొట్టం చుట్టూ ఒక్కసారి తిరిగి, వాకిలి ఎటు ఉంది, చెట్టు ఎటు ఉంది, గుట్ట ఎటు ఉంది చూసుకోండి. ఫోనులో దిక్సూచి ఉంటుంది. అక్కడెవరైనా ముసలాయన ఉంటే అదీ అక్కర్లేదు. మా దిక్కు పెద్దవాళ్ళు ఇప్పటికీ కుడి ఎడమ అనరు, ‘తూర్పు పక్క గోడ’, ‘పడమటి గెట్టు’ అనే అంటారు.

దిక్కుల మీద ఇంత పట్టు ఎందుకంటే, నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. మే మొదటి వారం దాటే వేళకు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. చేని చుట్టూ పాతిన రాతి కడీలకు కాసేపు నీడే ఉండదు. హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో నీడ లేని రోజని బడిపిల్లలకు చూపించేది ఇదే. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మనకు సూర్యుడు ఉత్తరానికి జరిగి పొడుస్తాడు, రోజంతా నెత్తికి ఉత్తరం పక్కనే ఉంటాడు, ఉత్తరానికి జరిగే కుంకుతాడు.

ఫోటో తీసేవాడికి దీనివల్ల రెండు లాభాలు. చలికాలమంతా ఎండ మొహం చూడని ఉత్తరపు గోడకు మే, జూన్ నెలల్లో పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ రాసుకుంటూ పోతుంది. మట్టిగోడలోని గడ్డిపరకలు, పగుళ్ళు, చేత్తో మెత్తిన గుర్తులు, అన్నీ ఆ వెలుగులో లేచి కనిపిస్తాయి. ఎదురుగా పడే ఎండలో అదే గోడ చప్పగా ఉంటుంది. ఇక దక్షిణపు గోడకు ఆ రోజుల్లో నేరుగా ఎండే తగలదు, నేల మీద పడి ఎగిరొచ్చే మెత్తటి వెలుగు మాత్రం ఉంటుంది. రైతును గోడకు ఆనించి నిలబెట్టి ఫోటో తీయాలంటే అంతకంటే మంచి చోటు లేదు. మార్చి, ఏప్రిల్‌లలో మాత్రం ఈ లెక్క నడవదు. అప్పుడు మధ్యాహ్నం ఎండ ఇంకా దక్షిణం నుంచే వస్తుంటుంది.

చూరు నీడ కూడా ముందురోజే గమనించండి. చూరు గోడ దాటి ఒక అడుగు ముందుకొచ్చి ఉందనుకోండి. తూర్పు గోడ మీద పొద్దున ఎనిమిదింటికి దాని నీడ అర అడుగుకు కొంచెం పైన ఉంటుంది. పదింటికి ఒకటిన్నర అడుగు దిగుతుంది. పన్నెండుకు గోడంతా నీడే. గూనపెంకులైతే ఆ నీడ అంచు అలలు అలలుగా, సున్నం గోడ మీద ముగ్గేసినట్టు పడుతుంది. ఆ అలల కోసమే తొమ్మిది గంటల దాకా ఆగిన రోజులున్నాయి నాకు.

అడగండి

ఇది మర్యాద కోసమే చెప్తున్న మాట కాదు. మన ఊళ్ళల్లో ముక్కూ మొహం తెలియనివాడు పొలంలోకి వచ్చి ఫోటోలు తీస్తుంటే ముందు గుర్తొచ్చేది భూమి సర్వే. మూడు కాళ్ళ స్టాండు కూడా పట్టుకెళ్తే ఇక చెప్పక్కర్లేదు. దేవరకొండ దిక్కు ఒక ఊళ్ళో నేను స్టాండు దించగానే ఒక పెద్దాయన గెట్టు మీది నుంచి గబగబా నడిచొచ్చాడు.

“కాలువ సర్వేనా బిడ్డా?”

“కాదు కాకా. నీ కొట్టం మంచిగుంది, ఫోటో తీసుకుందామని.”

“మంచిగేడుంది, కూలిపోబట్టె!”

నవ్వాడు, అయినా నమ్మలేదు. తీసిన ఫోటో ఫోనులో చూపించాకే మొహం తేలికపడింది. అప్పటి నుంచి స్టాండు బండిలోనే ఉంచి, ముందు మనిషి దగ్గరికి వెళ్తున్నాను. కాకా, పెద్దనాయినా, అవ్వా అని పిలిచి రెండు మాటలు మాట్లాడితే పసులను జరపడానికి కూడా వాళ్ళే వస్తారు. పనిలో ఉన్న ఆడవాళ్ళను చెప్పకుండా తీయకండి. కొట్టం కోసం వచ్చారు కాబట్టి మనుషులు వద్దంటే వదిలేయండి.

పొద్దు పొడవక ముందే అక్కడుండండి

మే నెల నడిమిలో మన దగ్గర పొద్దు 5:45 ప్రాంతంలో పొడుస్తుంది, సాయంత్రం 6:40కి కుంకుతుంది. పొద్దున తీయాలంటే ఐదున్నరకల్లా పొలంలో ఉండాలి. పొడవకముందు పావుగంట సేపు వెలుగుంటుంది, నీడ ఉండదు. ఎర్ర చల్క నేలకు అప్పుడు సొంత రంగు వస్తుంది. ఎండొచ్చాక అది పాలిపోయి ఇటుక పొడిలా అవుతుంది.

అసలు పని ఆరు నుంచి ఏడున్నర మధ్యది. ఆ గంటన్నరలో నీడలు పొడుగ్గా ఉంటాయి, ఫోను కూడా చెప్పిన మాట వింటుంది. తొమ్మిదిన్నర దాటాక బయటి నుంచి కొట్టాన్ని తీయడం మానేయండి, ఆ వేళకు వేరే పని ఉంది, తర్వాత చెప్తాను.

ఎక్కడ నిలబడాలి

అందరూ చేసే తప్పు దగ్గరికి వెళ్ళి నిలబడటం. దగ్గరి నుంచి మొత్తం పట్టాలని ఫోనును పైకి వంచుతాం, దాంతో గోడలు రెండూ లోపలికి వాలిపోతాయి. పాత మట్టిగోడ ఎలాగూ కొంచెం వంగే ఉంటుంది, మనం ఇంకొంచెం వంచితే పడిపోతున్నట్టే ఉంటుంది. ముప్పై, నలభై అడుగులు వెనక్కి నడిచి, ఫోనులో రెండింతల జూమ్ పెట్టి, ఫోనును నిటారుగా పట్టుకుని తీయండి. వెడల్పు లెన్సు జోలికి పోకండి. అది వెనకున్న గుట్టను గులకరాయంత చేస్తుంది. వెనక్కి వెళ్ళి జూమ్ చేస్తే అదే గుట్ట కొట్టం వెనక లేచి కూర్చుంటుంది. రాచకొండ గుట్టల కింద, దేవరకొండ కోట వెనకాల తీసేటప్పుడు ఈ ఒక్క చిట్కాతోనే సగం పని అయిపోతుంది.

ఇక మూల. కొట్టాన్ని సరిగ్గా ఎదురుగా కాకుండా ఒక మూల నుంచి చూడండి. ఒక గోడ ఎండలో, ఒక గోడ నీడలో ఉండేలా కాలు జరుపుకుంటూ పోండి. రెండు గోడలు సమానంగా కనిపిస్తే బాగుండదు. ఎండ గోడ పెద్దగా, నీడ గోడ సన్నగా ఉంటే కొట్టానికి మందం వస్తుంది. కొట్టం నీడ నేల మీద ఎంతదూరం పోయిందో చూసి, దాని చివర కూడా ఫ్రేములోకి వచ్చేలా తీయండి. నీడను సగంలో కోసేస్తే ఫోటో ఒక పక్కకు ఒరిగినట్టుంటుంది.

సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు పెట్టుకోండి. కొట్టాన్ని నడిమధ్యలో కాకుండా ఒక నిలువు గీత మీద ఉంచి, నీడ పోతున్న వైపు జాగా వదలండి. నేలనూ ఆకాశాన్నీ కలిపే గీత అడ్డంగా నిక్కచ్చిగా ఉండాలి. పాత కొట్టం ఎంత వంకరున్నా ఫరవాలేదు, నేల వంకర పోతే మాత్రం చూసేవాడికి తల తిరుగుతుంది.

మోకాళ్ళ మీద కూర్చుని కూడా ఒకటి తీయండి. యాసంగి (రబీ) వరి కోశాక మిగిలిన కొయ్యకాళ్ళు ముందు వరుసలో వచ్చి, ఎండకు బంగారు రంగులో మెరుస్తాయి. నిలబడి తీస్తే అవి కనిపించవు, ఖాళీ నేలే కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. స్క్రీను చూస్తూ వెనక్కి నడవకండి. పాత మోటబాయిలకు చాలాచోట్ల చుట్టూ గోడ ఉండదు. తుమ్మచెట్లు, పొదలు కమ్ముకుని అంచు ఎక్కడుందో తెలియదు. ముందు తిరిగి చూసి, అడుగు వేసి, అప్పుడు ఫోను ఎత్తండి.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

ఆకాశంతో మొదలుపెడదాం. మే నెల ఆకాశంలో నీలం ఉండదు, దుమ్ముతో తెల్లబారి ఉంటుంది. అలాంటి రోజు ఫ్రేములో ఆకాశానికి పై అంచున బెత్తెడు చాలు. వీలైతే అదీ వద్దు, వేపకొమ్మ అడ్డం పెట్టండి. మన దగ్గర ఎండాకాలంలో పచ్చగా ఉండేవి వేప, చింత, కానుగ, ఇంకా బోరు కింది బత్తాయి తోటలు. చుట్టూ ఎండిపోయిన రంగుల మధ్య ఆ ఒక్క పచ్చదనం కొట్టానికి తోడుంటే చాలు.

తాటిచెట్లతో జాగ్రత్త. నల్లగొండ దిక్కు అవి ఎక్కడ చూసినా ఉంటాయి. కొట్టం కప్పులోంచి చెట్టు మొలిచినట్టు రాకుండా ఒక అడుగు పక్కకు జరగండి. ఒంటి చెట్టు కంటే మూడు నాలుగు కలిసున్న చోటు నయం, వాటి నీడలు నేల మీద కొట్టం దాకా గీతల్లా వస్తాయి. తీగలు, స్తంభాలు, నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, గుంజకు వేలాడే మోటరు స్టార్టర్ డబ్బా కూడా చూసుకోండి. నేనైతే ఇవన్నీ పక్కకు పోయేదాకా చోటు మారుతుంటాను. తర్వాత ఫోనులో చెరిపేయొచ్చులే అనుకోకండి, చెరిపిన చోట మట్టిగోడ అతుకేసినట్టు కనిపిస్తుంది. రేకుల కప్పును మాత్రం తీసిపారేయకండి. పెంకులు పోయి రేకులేసుకున్న కొట్టాలే ఇప్పుడు ఎక్కువ. తుప్పు పట్టిన రేకు మీద గాలికి లేవకుండా పెట్టిన బండరాళ్ళు, పాత టైర్లు ఎంత బాగుంటాయో ఒకసారి పొద్దున్నే చూడండి. తాండూరు, కొడంగల్ వైపు వెళ్తే నాపరాళ్ళను ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడలుంటాయి, అక్కడ అడ్డగీతలతోనే ఫ్రేము నిండిపోతుంది.

వెలుగు లెక్క

ఫోనులో సున్నం గోడ మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచండి. సూర్యుడి గుర్తు రాగానే కిందికి జరపండి. గోడ మీది సున్నం పెచ్చులు విడివిడిగా కనిపించేదాకా తగ్గించండి. వాకిలి చీకటిగా అయిపోతుందని భయపడొద్దు. ఎండాకాలంలో కొట్టం లోపల నిజంగానే చీకటి, చల్లదనం దాంట్లోనే ఉంది. హెచ్‌డీఆర్ అనే ఆప్షన్ ఉంటే ఆపేసి చూడండి. అది ఎండనూ నీడనూ ఒక్క తీరుగా చేసి, మే నెల పొద్దును మబ్బు పట్టిన రోజులా మారుస్తుంది.

కెమెరా ఉన్నవాళ్ళకు: ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8, మంచి ఎండలో సెకనులో 400వ వంతు దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. వైట్ బ్యాలెన్స్‌ను ఎండ గుర్తు మీద పెట్టండి. ఆటోలో వదిలేస్తే పొద్దున్నే వచ్చే పసుపు వెలుగును తెల్లబరుస్తుంది. పోలరైజర్ (లెన్సు ముందు పెట్టి తిప్పే ఫిల్టరు) ఉంటే సూర్యుడు మీ భుజం పక్కన ఉన్నప్పుడు తిప్పండి, తాటాకుల మీది తళతళ తగ్గి అసలు ఆకుపచ్చ బయటికొస్తుంది.

దగ్గరికి వెళ్ళండి

దూరం నుంచి పది తీశాక, గోడ దగ్గరికి పోయి అక్కడే అరగంట కూర్చోండి. నాకైతే అసలు కొట్టం ఇక్కడే దొరుకుతుంది.

మా అమ్మమ్మ వాళ్ళ బాయికాడి కొట్టానికి ఉత్తరపు గోడ నిండా పిడకలు కొట్టి ఉండేవి. పగలు చూస్తే గుండ్రటి మచ్చలు, అంతే. ఒక మే నెల పొద్దున ఆరుంబావుకు ఎండ గోడను రాసుకుంటూ వచ్చినప్పుడు ఒక్కో పిడక మీద ఐదు వేళ్ళ గుర్తులు లేచాయి. అన్నీ ఒకటే చెయ్యి, చూపుడు వేలు గుర్తు మాత్రం ప్రతిదాంట్లో పొట్టిగా ఉంది. అమ్మమ్మకు కొడవలి తెగి ఆ వేలి కొస పోయిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇరవై నిమిషాల్లో ఎండ పైకి ఎక్కి, మళ్ళీ గుండ్రటి మచ్చలు అయిపోయాయి. అలాంటి వాటికి ఫోనును గోడకు సమాంతరంగా పట్టి, ఒకటిన్నర అడుగు దూరం నుంచి, ఎండ ఫ్రేములోకి ఒక పక్క నుంచి వచ్చేలా తీయండి. ఫ్రేము నిండా పిడకలే ఉండాలి, అంచుల్లో ఆకాశం ముక్క కూడా వద్దు.

ఇంకా వెతకండి. పసులు మెడ రుద్దీ రుద్దీ నున్నగా అయిన గుంజ, పలుపుతాడు కోసిన గాడి, చూరులో దోపిన కొడవలి, ఎండకు బీటలు పడ్డ తడక. తెలంగాణ పల్లెటూళ్ళ ఇళ్ళనూ తలుపులనూ ఏళ్ళ తరబడి తీసిన వరంగల్ ఫోటోగ్రాఫర్ గుడిమళ్ళ భరత్ భూషణ్ ఫోటోలు ఎక్కడైనా దొరికితే చూడండి. ఆయన 2022లో పోయారు. ఒక తలుపునో గోడనో చూపించి ఇంట్లోవాళ్ళ సంగతి ఎలా చెప్పొచ్చో వాటిలో తెలుస్తుంది. చేతులు పెట్టేటప్పుడు మాత్రం చూసి పెట్టండి. రాళ్ళ సందుల్లో, గడ్డివాము కింద ఎండాకాలం తేళ్ళూ పాములూ చల్లదనానికి చేరతాయి.

మధ్యాహ్నం లోపలికి పోండి

పదకొండు నుంచి మూడు దాకా బయట చేయగలిగింది ఏమీ లేదు. ఎండ నలభై నాలుగు, నలభై ఐదు దాకా పోతుంది, ఫోను వేడెక్కి స్క్రీను వెలుగు దానంతటదే తగ్గిపోతుంది, దూరంగా జూమ్ చేస్తే వేడిగాలికి కప్పు అంచులు నీళ్ళల్లో ఉన్నట్టు కదులుతాయి. కొట్టం లోపల కూర్చుని వాకిట్లోంచి బయటికి తీయండి. బయటి చేను మీద వేలు నొక్కి వెలుగు సరిచేస్తే దర్వాజ నల్లటి చట్రమై, అందులో ఎండలో మండుతున్న చేను కనిపిస్తుంది. పెంకుల సందుల్లోంచి దిగే ఎండ గీతలుంటే అదృష్టం. గడ్డి దులిపితే ఆ దుమ్ములో గీతలు ఇంకా గట్టిగా కనిపిస్తాయి. ఫోనును తడిగుడ్డలో చుట్టకండి, చల్లటి నీడలో కాసేపు పక్కన పెడితే చాలు. లెన్సు తుడిచేముందు ఊదండి. చల్క దుమ్ములో ఇసుక ఉంటుంది, అలాగే రుద్దితే గీతలు పడతాయి.

సాయంత్రం, గాలివాన

ఐదున్నరకు మళ్ళీ బయటికి. పసులు, గొర్లు ఇంటికి మళ్ళే వేళ సూర్యుడికి ఎదురుగా నిలబడి, సూర్యుణ్ణి కొట్టం వెనక దాచి తీయండి. లేచిన దుమ్ము అంతా వెలుగవుతుంది, గొర్ల వీపులకు అంచు కట్టినట్టుంటుంది. మంద వచ్చాక చోటు వెతుక్కుంటే ఆలస్యమే, ముందే ఫ్రేము పెట్టుకుని ఆగండి.

రోహిణి కార్తెలో ఒక్కోసారి సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పడుతుంది. వెనక నల్లటి మబ్బు, ముందు పడమటి ఎండ తగిలే సున్నం గోడ. ఇవి రెండూ కలిసేది ఐదు నిమిషాలే, ఏడాదిలో ఒకటి రెండు సార్లే. ఉన్నచోటు నుంచే తీయండి, లెన్సులు మార్చుకుంటూ కూర్చోకండి. ఉరుము వినపడితే మాత్రం ఫోటో వదిలేసి పక్కా ఇంట్లోకో కారులోకో వెళ్ళండి. తాటిచెట్టు కిందికి అసలే పోవద్దు, పొడుగ్గా ఒంటరిగా ఉండే వాటి మీద పిడుగు పడే ప్రమాదం ఎక్కువ. గాలిదుమారంలో రేకుల కొట్టం కూడా నమ్మదగ్గది కాదు, రేకులు లేస్తాయి.

ఇంటికొచ్చాక

రెండు వందలు తీస్తే ఆరు ఉంచుకోండి. ఎడిటింగులో వంకర సరిచేయడం, అంచులు కోయడం, నీడను కొద్దిగా ముదురు చేయడం, అంతే. రంగులు పెంచే మీట ముట్టుకుంటే ఎర్రమట్టి కుంకుమలా తయారవుతుంది.

ఆఖరి పని, ఒకటి ప్రింటు తీయించి కొట్టం యజమానికి ఇచ్చి రండి. కాలువ సర్వే అనుకున్న కాకాకు నేను అలాగే తీసుకెళ్ళాను. పొద్దున ఆరున్నరది, ఒక గోడ ఎండలో, ఒక గోడ నీడలో, వెనక గుట్ట, ముందు కొయ్యకాళ్ళు. నాకు బాగా నచ్చిన ఫోటో. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు.

“అంతా మంచిగనే ఉంది గని, మోటరు డబ్బా ఏది బిడ్డా? పోయిన యాసంగికే కొత్తది పెట్టిస్తి.”

మరుసటి వారం మళ్ళీ వెళ్ళి, డబ్బా ముందు ఆయన్ను నిలబెట్టి ఇంకొకటి తీశాను. ఇప్పుడు వాళ్ళ ఇంట్లో గోడకు ఉన్నది అదే.